‘వలస’కు రెండర్థాలు: కడప కైఫీయత్తుల పఠనానికి తొలి అమెరికన్ వచనం ఎంతవరకు తోడ్పడుతుంది?

వ్యాస సంగ్రహం

19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో కడప సీమ గ్రామాల నుంచి సేకరించిన కైఫీయత్తులు చరిత్ర రచనకు ఆధారాలుగా విస్తృతంగా ఉపయోగపడ్డాయి. వాటిని వచనంగా పరిశీలించిన సాహిత్య విమర్శ మాత్రం తక్కువ. ఉత్తరాలు, దినచర్యలు, వృత్తాంతాలు సాహిత్యంగా స్థిరపడిన తొలి అమెరికన్ సాహిత్యాధ్యయనం ఇక్కడ ఒక నమూనాగా కనిపిస్తుంది. ఆ నమూనాను యథాతథంగా స్వీకరిస్తే కలిగే పొరపాటు ఏమిటో చూపి, కైఫీయత్తును వలసవచ్చినవారి వృత్తాంతాల పక్కన గాక, అధికారానికి సమాధానం చెప్పుకోవలసి వచ్చిన ఆదివాసీ రచయిత రచన పక్కన ఉంచి చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కైఫీయత్తు, దత్తమండలాలు, రాయచోటి, కరణం, తొలి అమెరికన్ సాహిత్యం, సమాధాన రచన.

1. ఉపోద్ఘాతం

రాయచోటిలో ‘వలస’ అనగానే వినేవారికి ముందుగా తోచేది కువైట్. వానలు సరిగా కురవని సీమ నుంచి పొట్ట చేతబట్టుకుని పోయేవారి ప్రయాణానికి అక్కడ అది పేరు. సాహిత్య చరిత్ర తరగతిలో అదే మాట ‘వలస పాలన’ అయి, బయటి నుంచి వచ్చిన అధికారాన్ని సూచిస్తుంది. పోయేవాడిదీ వలసే, వచ్చి ఏలేవాడిదీ వలసే. అమెరికా తొలి రచనలను తెలుగులో ‘వలసకాల సాహిత్యం’ అన్నప్పుడు ఈ రెండర్థాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆ దేశం విషయంలో ఈ కలయిక నిజమే కూడా. సముద్రం దాటి వలస వచ్చినవారే అక్కడ పాలకులయ్యారు, గ్రంథకర్తలూ అయ్యారు.

దత్తమండలాల పరిస్థితి వేరు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన తరువాత అధికారం బయటివారి చేతికి పోయింది. ఊరి వృత్తాంతం రాసే కలం మాత్రం కరణం చేతిలోనే ఉంది. పాలకుడు, రచయిత ఒక్కరు కాకపోవడం ఆ వచన స్వభావాన్ని ఎలా మార్చిందన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

రాయలసీమలో ఆధునిక వచనం కోస్తా కంటే ఆలస్యంగా మొదలైందన్న అభిప్రాయం తరచు వినిపిస్తుంది. కథను, నవలను, పత్రికను కొలబద్దగా తీసుకుంటే ఆ అభిప్రాయానికి ఆధారాలు ఉండవచ్చు. కొలబద్ద మారితే నిర్ణయం ఎలా మారుతుందో అమెరికన్ ఉదాహరణ చూపుతుంది.

2. అమెరికన్ సాహిత్య చరిత్ర చేసిన ఎంపిక

మోసెస్ కోయిట్ టైలర్ 1607 నుంచి 1765 వరకు అమెరికన్ సాహిత్య చరిత్రను రెండు సంపుటాలుగా 1878లో ప్రచురించాడు. ఆ కాలంలో ఆ గడ్డమీద నాటకం, నవల లేవనే చెప్పాలి. ఉన్నవి వలస వృత్తాంతాలు, మత ప్రసంగాలు, ఉత్తరాలు, దినచర్యలు, కొంత కవిత్వం. సాహిత్యమన్న దృష్టితో రాయని వాటిని కూడా టైలర్ సాహిత్య చరిత్రలోకి తెచ్చాడు. తన గతానికి ఒక సాహిత్య వంశవృక్షం కావాలని కొత్త దేశం కోరుకున్న కాలంలో జరిగిన ఎంపిక ఇది.

ప్లిమత్ వలస గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్ 1630లో మొదలుపెట్టి రాసిన వృత్తాంతం చాలాకాలం రాతప్రతిగానే ఉండి, ఒక దశలో కనబడకుండా పోయి, లండన్ బిషప్ గ్రంథాలయంలో దొరికి 1856లో అచ్చయింది. ఎడ్వర్డ్ టేలర్ కవితలు యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 1937లో బయటపడ్డాయి. రెండేళ్ల తరువాత పెర్రీ మిల్లర్ ప్యూరిటన్ల ప్రసంగాలను ఒక ఆలోచనా ప్రపంచంగా విశ్లేషించాడు. రాతప్రతిని వెదకడం, పాఠాన్ని పరిష్కరించడం, దానిలోని ఆలోచనను వివరించడం అన్న మూడు పనులు కలిసినప్పుడే ఆ రచనలు పాఠ్యాంశాలయ్యాయి. కైఫీయత్తుల విషయంలో మొదటి రెండు పనులు చాలావరకు జరిగాయి, మూడోది మిగిలిపోయింది.

3. కైఫీయత్తు: రూపం, ప్రయాణం

కైఫీయత్తు అరబ్బీ మూలమున్న మాట. స్థితి, వృత్తాంతం అని అర్థం. కాలిన్ మెకంజీ సేకరణలో ఇవి ఒక ప్రధాన భాగం. ఆ పని కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల వంటి దేశీయ సహాయకులు లేకుండా జరిగేది కాదు. బొర్రయ్య 1803లో మరణించాక లక్ష్మయ్య ఆ బాధ్యతను కొనసాగించాడు. 1821లో మెకంజీ మరణించిన తరువాత, 1828లో హెచ్. హెచ్. విల్సన్ ఆ సేకరణకు వివరణాత్మక సూచి ప్రచురించాడు. కడపతో గాఢమైన అనుబంధం ఉన్న సి. పి. బ్రౌన్ శిథిలమవుతున్న ప్రతులకు నకళ్లు రాయించాడు. కడపలో ఆయన పేరుతో వెలసిన భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా ప్రచురించి పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది.

కైఫీయత్తుకు ఒక చట్రం ఉంది. మౌజే, సమ్మతు, తాలూకా అన్న క్రమంలో ఊరి ఉనికిని చెప్పి మొదలవుతుంది. ఊరు పుట్టకముందు ఆ చోటు అడవిగా ఉండడం, ఎవరో వచ్చి దాన్ని నరికి గుడిసెలు వేయడం, ఊరికి పేరు రావడం, దేవాలయ నిర్మాణం, కరణీకపు మిరాశీ, ఇనాములు వరుసగా వస్తాయి. తరువాత విజయనగర రాజులు, మట్లి వారు, కడప నవాబులు, హైదరు, టిప్పు, నిజాం, చివరకు కుంఫిణీ. ఆధారంగా పాత కవిలెలు, శాసనాలు, పెద్దల మాట పేర్కొనబడతాయి.

వాక్యం సాధారణంగా పొడవైనది. ‘వచ్చి, నరికించి, కట్టించి, ఇచ్చి’ అన్నట్లు క్త్వార్థక క్రియల గొలుసుగా సాగి ఎక్కడో ఒక సమాపక క్రియ దగ్గర ఆగుతుంది. మజ్కూరు, సనదు, జాగీరు, మొకాసా వంటి దఫ్తరు మాటలు దేవాదాయ, బ్రహ్మాదాయాల పక్కనే ఇమిడిపోతాయి. శాలివాహన శకం, ఫసలీ, సంవత్సర నామం ఒకే కథనంలో కనిపిస్తాయి. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ 1853లో వచన భాషకు ఒక కట్టుబాటును ఆదర్శంగా నిలిపింది. అంతకు కొన్ని దశాబ్దాల ముందే ఊరూరా కరణాలు వాడుకకు దగ్గరైన వచనాన్ని తడబాటు లేకుండా రాశారనడానికి ఇది సాక్ష్యం. 1830, 1831 సంవత్సరాల యాత్రను వర్ణించిన ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. ఆ వచనానికి నేపథ్యంగా ఉన్న వ్యవహార గద్య సంప్రదాయాన్ని అర్థం చేసుకోవడానికి కూడా కైఫీయత్తులు అవసరం.

4. పోలిక తప్పుదారి పట్టే చోటు

బ్రాడ్‌ఫర్డ్ వృత్తాంతాన్ని, కైఫీయత్తును పక్కపక్కన పెట్టగానే ఒక సామ్యం ఆకర్షిస్తుంది. రెండింటిలోనూ అడవి ఉంది, వచ్చినవారు ఉన్నారు, ఊరు పుట్టింది. రెండూ వసతి స్థాపన కథలేనని చెప్పి ఆగిపోవడం సులువు.

ఆ అడవులు చేసే పనులు వేరు. ప్లిమత్ వెలసిన చోట అంతకుముందు పటక్సెట్ అనే ఆదివాసీ గ్రామం ఉండేది. 1616 నుంచి 1619 వరకు చెలరేగిన అంటురోగం ఆ ఊరిని తుడిచిపెట్టింది. ఒకప్పుడు పంట పండిన నేల మీదనే వలసవారు దిగారు. అయినా బ్రాడ్‌ఫర్డ్ రచనలో ఆ తీరం మొదట భయంకరమైన అరణ్యంగానే కనిపిస్తుంది. అక్కడ ‘అడవి’ అన్న మాట అంతకుముందున్న హక్కుదారులను మరుగుపరుస్తుంది.

కైఫీయత్తులో అడవి హక్కుకు మొదటి మెట్టు. ఎవరు నరికారో, ఎవరు చెరువు తవ్వించారో, ఎవరికి రెడ్డిరికం, కరణీకం దక్కాయో చెప్పడానికే ఆ అడవి కథ మొదట్లో వస్తుంది. కొత్త ప్రభుత్వం భూములు కొలిపించి శిస్తు నిర్ణయిస్తున్న రోజులవి. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో కాలంలో పాలెగాండ్ర అధికారం అణగిపోయి, రైతువారీ పద్ధతికి పునాది పడింది. అటువంటి సమయంలో ‘మా పూర్వులు ఈ అడవి నరికారు’ అన్న వాక్యం పురాణ కాలక్షేపం కాదు, మిరాశీ పోకుండా కరణం చూపుకున్న పత్రం. ఒకే కథాంశం ఒకచోట ఇతరుల హక్కును చెరిపివేయడానికి, మరొకచోట సొంత హక్కును నిలబెట్టుకోవడానికి ఉపయోగపడింది.

5. సరైన జోడు: సమాధాన రచన

కైఫీయత్తుకు అమెరికన్ వచనంలో దగ్గరి బంధువును సామ్సన్ అకమ్ రచనలో చూడవచ్చు. అకమ్ (1723–1792) మోహీగన్ తెగకు చెందిన క్రైస్తవ బోధకుడు. ఎలియాజర్ వీలాక్ వద్ద చదువుకున్నాడు. ఆదివాసీ బాలుర చదువు కోసమని 1766లో ఇంగ్లండుకు వెళ్లి, రెండేళ్లపాటు ప్రసంగించి పెద్ద మొత్తంలో విరాళాలు సేకరించాడు. ఆ ధనం చివరకు డార్ట్‌మత్ కళాశాల స్థాపనకు మళ్లింది. 1768లో ఆయన తన జీవిత వృత్తాంతం క్లుప్తంగా రాసుకున్నాడు. తన గురించి ఇతరులు ప్రచారం చేసిన అబద్ధాలకు సమాధానంగా, తెల్ల బోధకులకంటే తనకు ఎంత తక్కువ జీతం ముట్టిందో లెక్కతో సహా చెప్పుకున్న రచన అది. 1982 వరకు అది అచ్చుకాలేదు.

అకమ్ రచనకు, కైఫీయత్తుకు ఉమ్మడి లక్షణం ఒకటుంది. రెండింటికీ ముందు పాఠంలో కనిపించని ఒక ప్రశ్న ఉంది. అడిగినవాడు అధికారంలో ఉన్నాడు, చెప్పేవాడి బతుకుదెరువు ఆ జవాబుతో ముడిపడి ఉంది. అందువల్ల జీతం లెక్క, ఇనాము లెక్క ఆ రచనలకు అనుబంధాలు కావు, వాటి ప్రాణం. ఇటువంటి వచనాన్ని ‘సమాధాన రచన’ అనవచ్చు.

భేదం కూడా చెప్పుకోవాలి. అకమ్ రచనలో ‘నేను’ ఉంది. కైఫీయత్తులో కరణం ‘నేను’ను వెనక్కి నెట్టి ఊరిని ముందు నిలుపుతాడు. తన వంశపు హక్కును ఊరి చరిత్రలో భాగంగా చెప్పడం వల్ల ఆ హక్కుకు బలం చేకూరుతుంది. రచయిత జీవితం నుంచి రచనను వివరించే పద్ధతికి ఇక్కడ పట్టు దొరకదు. ఈ వచనానికి తగిన విమర్శ పరిభాషను తెలుగులోనే నిర్మించుకోవలసి ఉంది.

కైఫీయత్తును పీడితుల గొంతుగా ఆకాశానికెత్తడమూ సరికాదు. కంపెనీ ముందు చిన్నవాడైన కరణం ఊరిలో పెద్దవాడు. అడవి నరికించినవారి పేరు నిలిచింది, గొడ్డలి పట్టినవారి పేరు సాధారణంగా నిలవలేదు. చెరువు తవ్వించినవారు ఉన్నారు, మట్టి మోసిన ఆడవారు లేరు. అమెరికన్ పరిశోధన వలసవారి పుస్తకాల వెనుక పనిచేసిన ఆదివాసులను ఇలాగే వెదికి పట్టుకుంది. 1663లో జాన్ ఎలియట్ మసాచుసెట్ భాషలో ప్రచురించిన బైబిలు ముద్రణలో పాల్గొన్న నిప్‌మక్ యువకుడు జేమ్స్ ప్రింటర్ అందుకు ఉదాహరణ. కావలి సోదరులను మెకంజీ నీడ నుంచి బయటికి తెచ్చిన పరిశోధన, కరణం నీడలో ఉన్నవారి దాకా సాగాలి.

6. రాయచోటి నుంచి చదవడం

ఈ పఠనానికి రాయచోటి అనువైన చోటు. కంపెనీ పాలనలో కడప జిల్లాలో తాలూకా కేంద్రమైన ఈ ఊరిని జనం నేటికీ ‘రాచోటి’ అంటారు. దఫ్తరు రూపానికి, జనం నోటి రూపానికి ఉన్న దూరం పేరులోనే వినిపిస్తుంది. వీరభద్రస్వామి ఆలయానికి కర్ణాటక నుంచి కూడా భక్తులు వస్తారు. ఊరి స్మృతి తాలూకా హద్దులోగాని, ఒక్క భాషలోగాని ఆగదనడానికి అది నిదర్శనం. దఫ్తరులోని ఊరు, నోటిలోని ఊరు పక్కపక్కన దొరికే ఇటువంటి తావుల్లో పరిశోధకుడు మూడు పనులు చేయవచ్చు.

మొదటిది, కైఫీయత్తు ఏ ప్రశ్నకు జవాబో పాఠం నుంచే ఊహించి, ఆ ప్రశ్నకు అవసరం లేకపోయినా కరణం చేర్చిన సంగతులను గుర్తించడం. అధికారికి అక్కరలేని మహిమ కథ, సామెత, అలక ఎక్కడ చొరబడతాయో అక్కడ రచయిత కనిపిస్తాడు. రెండవది, క్రియలను పరిశీలించడం. ప్రేరణార్థక క్రియ ఉన్నచోటల్లా పని చేసినవారు మరుగున ఉన్నారని గ్రహించాలి. మూడవది, అదే ఊరి గురించి నేడు వినిపించే మౌఖిక కథనాలతో పోల్చి, కరణం వదిలిన పేర్లు అక్కడ మిగిలాయేమో చూడడం.

వీటికి తోడు పాఠ పరిష్కరణలో ఒక జాగ్రత్త అవసరం. ఊరి ప్రతికి, మెకంజీ సేకరణకు, బ్రౌన్ రాయించిన నకలుకు, అచ్చు ప్రతికి మధ్య రాత మారే అవకాశం ఉంది. నేటి పాఠకుల సౌకర్యం కోసం వర్ణక్రమాన్ని సవరిస్తే, ఆనాటి ఉచ్చారణకు, మాండలికానికి ఉన్న సాక్ష్యం పోతుంది. సవరించిన పాఠంతో పాటు మూల రూపం కూడా అచ్చులో ఉండాలి.

7. ఉపసంహారం

తొలి అమెరికన్ సాహిత్యాధ్యయనం నుంచి తెలుగు పరిశోధన గ్రహించదగింది ప్రధానంగా ఒక ధైర్యం. సాహిత్యమన్న పేరు లేని వచనాన్ని సాహిత్య విమర్శ చేపట్టవచ్చన్నది ఆ ధైర్యం. ఆ అధ్యయనం వలసవారితో మొదలై, ఆదివాసుల రచనల దగ్గరికి చేరడానికి చాలాకాలం పట్టింది. తెలుగు పరిశోధన ఆ ఆలస్యాన్ని కూడా అనుకరించనక్కరలేదు.

కైఫీయత్తులు రాయలసీమకు మాత్రమే పరిమితం కావు. కాబట్టి వాటిని చూపి ఒక ప్రాంతానికి ప్రథమ స్థానం కోరడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. రాయలసీమ వచనం ఎప్పుడు మొదలైందని అడిగేటప్పుడు, ఏ వచనాన్ని లెక్కలోకి తీసుకుంటున్నామో ముందుగా చెప్పాలన్నదే దీని వాదం. ఇక్కడి కరణాలు రాయడం 20వ శతాబ్దం కోసం ఆగలేదు. వారు రాసింది జవాబు. దాన్ని వచనంగా చదివితే, జవాబులో చోటు దక్కనివారెవరో అడిగే వీలు కూడా సాహిత్య విమర్శకు కలుగుతుంది.