చేతికి తెలిసే వేగం

నేలమీద ఆగి ఉన్న సెస్నా 172 కాక్‌పిట్‌లోకి తొంగి చూస్తే పైలట్ పట్టుకునే యోక్ ముందుకు పోయి ఉంటుంది. తోక దగ్గర, ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ తన బరువుకు తానే కిందికి వేలాడుతుంది, ఆ బరువు కేబుళ్ల వెంట వచ్చి యోక్‌ను ముందుకు లాగుతుంది. అదే విమానం సిమ్యులేటర్ గేమ్‌లో రన్‌వే మీద నిలబడి ఉన్నప్పుడు మన టేబుల్ మీది జాయ్‌స్టిక్ మాత్రం నిటారుగా, సరిగ్గా మధ్యలో ఉంటుంది. విమానం ఆగి ఉన్నా, గాల్లో దూసుకుపోతున్నా, రెక్కలు లేపే శక్తి కోల్పోయి, అంటే స్టాల్ అయి, కిందికి పడుతున్నా అది అలాగే ఉంటుంది. లోపల ఉన్నది స్ప్రింగ్. ఎంత వంచావన్నది ఒక్కటే దానికి తెలుసు.

ఇంట్లో కూర్చుని విమానాలు నడిపే మాలాంటి వాళ్ల మధ్య ఎప్పుడూ నలిగే ప్రశ్న ఇది: స్ప్రింగ్ జాయ్‌స్టిక్ చాలా, మోటార్లున్న ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టిక్ కొనాలా? ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది తుపాకీ పేలినప్పుడు చేతిలో పుట్టే అదురు, రన్‌వే మీద చక్రాల కుదుపు. నేను ముందు ఆఫ్ చేసేది వాటినే. అసలు సంగతి వేరే ఉంది.

సంక్రాంతికి గాలిపటం ఎగరేసిన ప్రతి ఒక్కరికీ ఆ సంగతి తెలుసు. పైన గాలి పెరిగిందని పటం వైపు చూడకుండానే చెప్పగలం, దారం బిగుసుకుని వేలికి చెబుతుంది. చిన్న విమానాల్లో స్టిక్ చేసే పని కూడా అదే. పైలట్ చెయ్యి కేబుళ్లో రాడ్లో దాటి నేరుగా తోకమీది రెక్కను పట్టుకుని ఉంటుంది. ఆ రెక్కమీద గాలి వేసే ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. 60 నాట్లలో ఎలివేటర్‌ను కొంత కదపడానికి ఎంత బలం కావాలో, 120 నాట్లలో అంతే కదపడానికి సుమారు నాలుగింతలు కావాలి. స్పీడ్ చూపించే గడియారం వైపు కన్ను వెళ్లకముందే చేతికి వేగం తెలిసిపోతుంది.

స్ప్రింగ్ దగ్గర ఈ లెక్క తలకిందులు. ఎక్కువ వంచితే ఎక్కువ బిగువు, తక్కువ వంచితే తక్కువ బిగువు, అంతే. వేగం తగ్గి స్టాల్‌కు దగ్గరవుతున్నప్పుడు ముక్కును పైకి నిలబెట్టడానికి స్టిక్‌ను బాగా వెనక్కి లాగాలి. నిజం విమానంలో ఆ సమయానికి కంట్రోళ్లు వదులుగా, జీవం లేనట్టుగా మారతాయి. స్టాల్ రాబోతోందని శిక్షణలో నేర్పే గుర్తుల్లో అదొకటి. టేబుల్ మీది స్ప్రింగ్ మాత్రం సరిగ్గా అప్పుడే అన్నిటికన్నా గట్టిగా ఎదురు తోస్తుంది. ప్రమాదం దగ్గరపడే కొద్దీ చేతికి ధైర్యం చెప్పే పరికరం అది. ఆట వరకైతే సరే. విమానం నడపడం నేర్చుకోవాలనుకునేవాడి చేతికి అది తప్పుడు చదువు అని నా నమ్మకం.

ఇక ట్రిమ్, అంటే స్టిక్‌మీది బరువును చేతి నుంచి తీసేసే ఏర్పాటు. నా దృష్టిలో వాదమంతా ఇక్కడే తేలుతుంది.

మా మేనల్లుడు పైలట్ శిక్షణలో ఉన్న రోజుల్లో సెలవులకు వచ్చి నా స్ప్రింగ్ స్టిక్ పట్టుకుని కొంతసేపు సెస్నా నడిపాడు. ఎత్తు నిలబెట్టడానికి వాడు పడిన తంటా చూసి నాకే ఆశ్చర్యమేసింది. "మావయ్యా, ఇది వదిలేస్తే మధ్యలోకి వచ్చేస్తోంది. విమానంలో వదిలేస్తే మనం ట్రిమ్ చేసిన చోటికి వెళ్తుంది" అన్నాడు. ఈ విషయం మీద నేను చదివినవన్నీ ఆ రెండు వాక్యాల్లోకి వచ్చేశాయి.

అసలు విమానంలో జరిగేది ఇది. వేగం తగ్గించారు, ముక్కు దిగుతోంది, యోక్‌ను వెనక్కి లాగి పట్టుకున్నారు. చేతిమీద బరువుంది. ఇప్పుడు ట్రిమ్ చక్రం తిప్పుతారు. ఎలివేటర్ అంచునున్న చిన్న పలక కదిలి, గాలి బలంతోనే ఎలివేటర్‌ను మీకు కావలసిన చోట నిలబెడుతుంది. చెయ్యి కదలదు. ఉన్నచోటే ఉండగా దానిమీది బరువు కరిగిపోతుంది. బరువు పూర్తిగా పోయిందంటే ట్రిమ్ కుదిరింది. శిక్షకులు చెప్పే వరస కూడా అదే: ముందు ముక్కు ఎక్కడుండాలో పెట్టు, తర్వాత పవర్, చివర ట్రిమ్.

స్ప్రింగ్ స్టిక్‌తో అదే పని చేస్తే? చక్రం తిప్పుతూ ఉంటే విమానం ముక్కు ఇంకా పైకి లేస్తుంది, ఎందుకంటే మీ చెయ్యి కూడా వెనక్కి లాగే ఉంది. కాబట్టి ట్రిమ్ ఎంత ఎక్కుతుంటే చేతిని అంత మధ్యకు తీసుకురావాలి. రెండు చేతులూ ఒకదానికొకటి ఎదురుగా, కొలత తప్పకుండా నడవాలి. బరువు పోయిందా లేదా అన్న కబురు చేతికి అందదు, ఎత్తు చూపే ముల్లును చూస్తూ ఊహించుకోవాలి. సిమ్యులేటర్‌లో చాలామంది ట్రిమ్‌ను విసుక్కుని ఆటోపైలట్ వేసుకోవడానికి కారణం ఇదే అనుకుంటాను. వాళ్ల ఓపికలో లోపమేమీ లేదు. ట్రిమ్ చేతితో చేసే పని, ఆ పరికరం దాన్ని కంటికి అప్పగించింది.

ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టిక్‌లో స్ప్రింగుల బదులు మోటార్లుంటాయి. గేమ్ లోపలి విమానానికి ఎంత గాలి తగులుతోందో లెక్కకట్టి, ఆ బలాన్ని మోటారు మీ చేతికి చేరుస్తుంది. ట్రిమ్ తిప్పితే బలం సున్నా అయ్యే చోటు జరుగుతుంది. దాంతో స్టిక్ వెనక్కి వాలి, అక్కడే నిలుస్తుంది. నేను మొదటిసారి అలాంటి స్టిక్ పట్టుకుని ట్రిమ్ చేసినప్పుడు స్క్రీన్ చూడ్డం మానేశాను. చూడాల్సిన అవసరం కనిపించలేదు.

హెలికాప్టర్ల విషయంలో తేడా ఇంకా పెద్దది. హ్యూయీలో ఫోర్స్ ట్రిమ్ అనే ఏర్పాటుంది. నిజానికి అక్కడున్నవీ స్ప్రింగులే, కాని వాటి చివరను ఒక అయస్కాంతపు బ్రేక్ పట్టుకుని ఉంటుంది. బటన్ నొక్కితే బ్రేక్ వదులుతుంది, స్టిక్‌ను కొత్త చోటికి జరిపి బటన్ వదిలితే అదే కొత్త కేంద్రమవుతుంది. మన టేబుల్ మీది స్టిక్ కేంద్రం జరగదు. అందుకే డీసీఎస్ వరల్డ్ గేమ్‌లో ఒక ఉపాయం పెట్టారు: ట్రిమ్ బటన్ వదిలాక మీరు స్టిక్‌ను మధ్యకు తెచ్చేదాకా మీ చేతి కదలికను హెలికాప్టర్ పట్టించుకోదు. గాల్లో ఒకేచోట నిలపడం అనే అతి సున్నితమైన పనిలో, ఆ క్షణం హెలికాప్టర్ మీ చేతిలో లేనట్టే. మోటార్లున్న స్టిక్‌కు ఈ సర్దుబాటే అక్కర్లేదు. కొందరు స్ప్రింగులు పూర్తిగా తీసేసి, వీకేబీ వంటి కంపెనీల స్టిక్‌లలో ఉండే క్లచ్‌ను బిగిస్తారు, ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుంది. డబ్బు పెట్టలేనివారికి హెలికాప్టర్ల వరకు అది చాలా మంచి దారి.

రెండో ప్రపంచయుద్ధపు విమానాల్లో చేతి బలానికి ప్రాణం విలువ ఉండేది. చేజిక్కిన మెసర్‌ష్మిట్ 109ని బ్రిటిష్‌వాళ్లు 1940లో ఫార్న్‌బరోలో పరీక్షించారు. గంటకు 400 మైళ్ల వేగంలో పైలట్ బలమంతా పెట్టినా పక్కకు ఒరిగించే ఏలిరాన్‌లను అయిదో వంతుకు మించి కదపలేకపోయాడు. ఇరుకు కాక్‌పిట్, మోచెయ్యి చాచే చోటు లేదు, స్టిక్ మాత్రం కాంక్రీటులో పాతినట్టు. ఐఎల్-2 గేమ్ ఈ పరిమితిని లెక్కలోకి తీసుకుంటుంది. స్ప్రింగ్ స్టిక్‌ను మీరు చివరిదాకా వంచేస్తారు, తెరమీది పైలట్ చెయ్యి మాత్రం కొద్దిగానే కదులుతుంది. మీ చేతికీ అతని చేతికీ అక్కడ సంబంధం తెగిపోతుంది.

అలాగని మోటారుకు లేని శక్తి అంటగట్టకూడదు. 9 న్యూటన్ మీటర్ల మోటారు 30 సెంటీమీటర్ల కర్ర చివర ఇవ్వగలిగేది 30 న్యూటన్లు, అంటే దాదాపు మూడు కిలోల బరువంత. యుద్ధవిమానం పైలట్ డైవ్‌లో తోసిన బలం దానికి ఎన్నోరెట్లు. కర్రను పొడిగించి నేలమీద బిగించుకుంటే కదలిక అందంగా ఉంటుంది, బలం ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఇంట్లో దొరికేది ఆ బలానికి చిన్న నమూనా. అయినా వేగం పెరిగితే బిగుసుకోవడం, ట్రిమ్‌తో కేంద్రం జరగడం అనే రెండూ ఆ నమూనాలో సరిగ్గా ఉంటాయి. చేతికి కావలసినవి అవే.

ఇంత మంచిదైతే ఇన్నేళ్లూ ఎందుకు దొరకలేదు? దొరికింది, పోయింది. మైక్రోసాఫ్ట్ 1997లోనే సైడ్‌వైండర్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ప్రో తెచ్చింది. తర్వాత వచ్చిన యూఎస్‌బీ మోడల్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ 2 పిడిలో, చెయ్యి పట్టుకుందో లేదో చూసే సెన్సర్ ఉండేది. చెయ్యి తీస్తే మోటార్లు ఆగేవి. 2003 వచ్చేసరికి మైక్రోసాఫ్ట్ ఆ జాయ్‌స్టిక్‌లు ఆపేసింది. స్పర్శకు సంబంధించిన పేటెంట్లు చాలావరకు ఇమ్మర్షన్ అనే కంపెనీ చేతిలో ఉండేవి. 2002లో ఆ కంపెనీ సోనీ మీదా మైక్రోసాఫ్ట్ మీదా కోర్టుకెళ్లింది. అటు ఫ్లైట్ సిమ్యులేటర్ల మార్కెట్ కూడా చిక్కిపోయింది. లాజిటెక్ 2009లో జీ940 తెచ్చింది, అది కూడా కొనసాగలేదు. రేసింగ్ వీల్స్‌లో మాత్రం ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఎప్పుడూ చావలేదు. వీల్‌లో బలం లేకపోతే కారు జారుతోందని తెలియదని ఆ ఆటగాళ్లందరూ ఒప్పుకున్నారు. విమానాల వాళ్లు మాత్రం ఎందుకో స్ప్రింగ్‌తోనే సర్దుకున్నారు. పాత సైడ్‌వైండర్లను విప్పి, శుభ్రం చేసి, పిడి మార్చి వాడుకున్న కొద్దిమందే ఆ విద్యను నిలబెట్టారు. ఇప్పుడు వీపీఫోర్స్ రైనో, మోజా ఏబీ9 లాంటి స్టిక్‌లు రావడం వెనక వాళ్ల పట్టుదల ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంతా చెప్పి స్ప్రింగ్‌ను తీసిపారేస్తే అన్యాయమవుతుంది. శంషాబాద్‌లో మనమెక్కే రెండు విమానాలు చూడండి. కడపకు వెళ్లే ప్రొపెల్లర్ల ఏటీఆర్ 72లో ఎలివేటర్‌ను పైలట్ కేబుళ్లతో, రాడ్లతో, హైడ్రాలిక్ సాయం లేకుండా కదుపుతాడు. విశాఖ వెళ్లే ఎయిర్‌బస్ ఏ320లో పైలట్ పక్కనున్న సైడ్‌స్టిక్‌కు రెక్కలతో యాంత్రిక సంబంధమే లేదు. అందులో ఉన్నది స్ప్రింగే. అది పంపేది కంప్యూటర్‌కు ఒక కోరిక మాత్రమే. ట్రిమ్ కంప్యూటరే చూసుకుంటుంది, స్టిక్ వదిలేస్తే విమానం ఉన్న దారిలోనే పోతుంది. కాబట్టి ఏ320 నడపాలనుకునేవాడికి స్ప్రింగ్ జాయ్‌స్టిక్ చవక ప్రత్యామ్నాయం కాదు, అచ్చంగా అసలుదే. దానికి మోటార్లు పెట్టి గాలి బిగువు చూపిస్తేనే అబద్ధం.

ఎఫ్-16 ఇంకో అడుగు ముందుకు వేసింది. మొదట్లో దాని స్టిక్ అసలు కదిలేదే కాదు, చేతి ఒత్తిడిని మాత్రమే కొలిచేది. 1974 జనవరి 20న ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో దాని నమూనా వైఎఫ్-16ను రన్‌వే మీద వేగంగా పరుగెత్తించి చూస్తుండగా అది అటూ ఇటూ ఊగిపోయింది. తోక నేలకు రాసుకుంది. టెస్ట్ పైలట్ ఫిల్ ఓస్ట్రైకర్ దాన్ని గాల్లోకి లేపి కాపాడుకున్నాడు. అనుకోకుండా అదే తొలి ఎగురుడు అయింది. ఒరిగించే ఆదేశానికి విమానం మరీ అతిగా స్పందించేలా అమర్చి ఉంది, ఎంత ఆదేశం ఇస్తున్నాడో కదలని స్టిక్ చేతికి చెప్పదు. తర్వాత ఆ స్టిక్‌కు కొద్దిపాటి కదలిక ఇచ్చారు.

చేతికి తెలియకపోవడం ప్రయాణికుల విమానాల్లోనూ ప్రశ్నగానే మిగిలింది. 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో కూలి 228 మందిని పొట్టన పెట్టుకున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 ఒక ఏ330. దాని రెండు సైడ్‌స్టిక్‌లు ఒకదానితో ఒకటి కలిసి కదలవు. ఒక పైలట్ స్టిక్‌ను వెనక్కి లాగి పట్టుకుంటే రెండో పైలట్ చేతికి ఆ సంగతి అందే దారి లేదు. ప్రమాదానికి కారణాలు చాలా ఉన్నాయి, ఇదొక్కటే అనడం తప్పు. కాని ఆ తర్వాత 2018లో అనుమతి పొందిన గల్ఫ్‌స్ట్రీమ్ జీ500లో మోటార్లున్న సైడ్‌స్టిక్‌లు వచ్చాయి, ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. గేమ్‌లలో ఇన్నేళ్లుగా మేము కోరుకున్నది విమానంలోకే వచ్చింది.

అందుకే నన్నెవరైనా ఏది కొనమంటారు అని అడిగితే, ఏ విమానం నడుపుతారని అడుగుతాను. ఎయిర్‌బస్ అయినా, ఎఫ్-18 లాంటి కంప్యూటర్ కంట్రోళ్ల యుద్ధవిమానమైనా, మంచి సెన్సర్లున్న స్ప్రింగ్ స్టిక్ కొనుక్కుని నిశ్చింతగా ఉండండి. సెస్నాలు, స్పిట్‌ఫైర్లు, హెలికాప్టర్లు మీ ప్రాణమైతే డబ్బు కూడబెట్టుకునైనా మోటార్లున్నది తెచ్చుకోండి. రాగానే అదుర్లన్నీ తగ్గించేసి, 90 నాట్లలో ఎత్తు మారకుండా నడుపుతూ స్టిక్‌మీద బరువు పూర్తిగా పోయేదాకా ట్రిమ్ చక్రం కొద్దికొద్దిగా తిప్పండి. చెయ్యి తీసేసి ఒక నిమిషం చూడండి. ఎత్తు నిలిస్తే ఇంజన్ పవర్ కాస్త తగ్గించి, ఏమీ ముట్టుకోకుండా ఉండండి: ముక్కు దానంతటదే దిగి, ఒకటి రెండుసార్లు మెల్లగా ఊగి, విమానం మళ్లీ ఆ 90 నాట్ల దగ్గరే సర్దుకుంటుంది.