క్లచ్ పోయిందంటే ఏం పోయినట్టు?

నరసన్నపేట దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద ఆగిన కారు దగ్గరకు మెకానిక్ వచ్చేసరికే ఓనరు తీర్పు చెప్పేసి ఉంటాడు: క్లచ్ పోయింది. పనితెలిసిన మెకానిక్ ఆ మాట విని ఊరుకుంటాడు. పానా తీయడు. "ఏటేటి మార్పించినారు బాబూ?" అని అడుగుతాడు. అలాయ్ వీల్స్, పెద్ద టైర్లు, కొత్త సైలెన్సర్... జాబితా వస్తుంది. అందులో క్లచ్ ఉండదు. చుట్టూ అన్నీ మారాయి, కంపెనీ క్లచ్ ఒక్కటే మారలేదు. రోగం తరచూ అక్కడే ఉంటుంది.

తీర్పు చెప్పాల్సింది పెడల్. కాలు వేస్తే అడ్డులేకుండా కిందకి పడిపోయిందా? నాలుగైదుసార్లు గబగబా తొక్కితే గేరు పడుతోందా? అయితే ప్లేటు బాగానే ఉండొచ్చు, పోయింది ఆయిల్ ఒత్తిడి. డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి, పెడల్ వెనక మాస్టర్ సిలిండర్ రాడ్ దగ్గర వేలు పెడితే తడి తెలుస్తుంది. అక్కడ పొడిగా ఉంటే గేర్‌బాక్స్ వైపున్న స్లేవ్ సిలిండర్ చూడాలి. చాలా కార్లలో బ్రేకుకీ క్లచ్‌కీ ఒకటే ఆయిల్ డబ్బా. క్లచ్ గొట్టాన్ని అందులో కాస్త పైన పెడతారు. ఆయిల్ తగ్గితే ముందు క్లచ్ పోవాలి, బ్రేకుకు కొంత మిగలాలి. అందుకే పడిపోయిన పెడల్ చూడగానే బ్రేకులూ చూడాలి. ఆ డబ్బాలో చేతికందిన ఇంజినాయిల్ పోసి బయల్దేరేవాళ్లూ ఉన్నారు. దాంతో రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి, బ్రేకులవి కూడా.

మార్పులు చేయించిన కార్లలో ఇంకో వింత కనిపిస్తుంది. ఎండలో టెక్కలి నుంచి వచ్చిన బండి పెడల్ చచ్చుబడుతుంది, అరగంట నీడన ఆగాక మళ్లీ లేస్తుంది. మెకానిక్ వచ్చేసరికి అంతా బాగానే ఉంటుంది, ఓనరు అబద్ధమాడినట్టు నిలబడతాడు. అప్పుడు చూడాల్సింది కొత్త సైలెన్సర్ గొట్టం ఏ దారిన పోతోందని. అది క్లచ్ ఆయిల్ పైపుకు ఆనుకుని పోతుంటే ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది గానీ ఒత్తిడిని అవతలికి మోయదు. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి దిగుతుంది. సముద్రం ఇంత దగ్గరున్న చోట ఏళ్లతరబడి మార్చని ఆయిల్ ఎంత తేమ తాగి ఉంటుందో!

పెడల్ మామూలుగానే ఉండి, ఇంజిన్ అరుస్తూ బండి మాత్రం వెళ్లకపోతే అది ప్లేటు సంగతి. చదునైన ఖాళీ చోట హ్యాండ్‌బ్రేక్ బిగించి, నాలుగో గేరులో క్లచ్ వదిలితే ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే జారుతున్నట్టే. ఒక్కసారి చూస్తే చాలు, పదేపదే చేస్తే మిగిలిన లైనింగూ కాలిపోతుంది. స్విఫ్ట్‌లో వచ్చిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ 2000 ఆర్‌పీఎం దగ్గర 190 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది. క్లచ్ మోయగల బరువు ప్రెషర్ ప్లేటు అదుముడు, లైనింగ్ పట్టు, ప్లేటు వెడల్పుల మీద ఉంటుంది. ల్యాప్‌టాప్ తగిలించి రీమ్యాప్ చేయిస్తే టార్క్ పెరుగుతుంది, ఈ మూడింట్లో ఒక్కటీ పెరగదు. కొన్ని వారాల ముందే ఐదో గేరులో ఓవర్‌టేక్ చేయబోతే ఆర్‌పీఎం ముల్లు ఎగిరి ఉంటుంది, వేగం మాత్రం పెరిగి ఉండదు. ఓనరు దాన్ని పికప్ అనుకుని మురిసిపోయి ఉంటాడు.

అన్నిటికన్నా చవక మార్పు మందపాటి 7డీ మ్యాట్. అది పెడల్ కిందకొస్తే క్లచ్ పూర్తిగా విడవదు, గేరు గరగరమంటుంది. దాన్ని లాగి పక్కన పడేసి చూడకుండానే గేర్‌బాక్స్ దింపిన మెకానిక్‌ను ఏమనాలో రాయడానికి పత్రిక ఒప్పుకోదు.

వేరే ఇంజిన్ ఎక్కించిన పాత జీపు అయితే పని సులువు. ఇద్దరుంటే చాలు. ఒకరు గేరు వేసి క్లచ్ వదలాలి, రెండోవారు పక్కన దూరంగా నిలబడి ప్రొపెల్లర్ షాఫ్ట్ చూడాలి. అది తిరుగుతూ చక్రాలు కదలకపోతే క్లచ్ నిర్దోషి, యాక్సిల్‌ను అనుమానించాలి. షాఫ్టే తిరగకపోతే, క్లచ్‌ను నిందించే ముందు ఫోర్‌వీల్ లివర్ న్యూట్రల్‌లోకి జారిందేమో చూసుకోవాలి.

ఇన్ని చూశాక గేర్‌బాక్స్ దింపితే అర్థముంది. దింపాక ప్లేటు ఒక్కటే మార్చి మూసేస్తే మళ్లీ దింపాల్సిందే. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలున్నాయా, క్రాంక్ వెనక సీలు నుంచి ఆయిల్ కారి లైనింగ్ మీద పడిందా, రిలీజ్ బేరింగ్ గరగరలాడుతోందా చూడాలి. రీమ్యాప్ ఉంచుకుంటానంటే గట్టి ప్రెషర్ ప్లేటు వేయొచ్చు. దాంతో పెడల్ బరువెక్కుతుంది, బజారు ట్రాఫిక్‌లో ఎడమ మోకాలు పట్టేస్తుంది, కేబుల్ క్లచ్ ఉన్న బండైతే తర్వాత తెగేది కేబులే.