‘ఘాజీ’ చిత్రంలో లోతు, ప్లవనత: ఒక పరిశీలన

1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ విశాఖపట్నం సమీపంలో మునిగిపోయింది. అందుకు కారణమేమిటన్న విషయంలో రెండు దేశాల కథనాలు వేరు. ఆ సందిగ్ధతలో ఎస్-21 అనే భారత జలాంతర్గామి కథను కల్పించిన చిత్రం సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలోని ‘ఘాజీ’ (2017). ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందిన ఈ కృతి లోతును కథగా ఎలా మలిచిందన్నది ఇక్కడి పరిశీలనాంశం.

భూపాలపల్లికి పొరుగునున్న పాలంపేటలో రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుక నీటిపై తేలుతుంది. దాని సాంద్రత మారదు కనుక తేలడమే దాని గతి. జలాంతర్గామి స్వభావం వేరు. జనగామ, మహబూబాబాద్ పల్లెల వ్యవసాయ బావుల్లో ఈత నేర్చినవారి అనుభవం దానికి దగ్గర. గుండెనిండా గాలి ఉంటే దేహం తేలుతుంది, విడిస్తే మునుగుతుంది. జలాంతర్గామి కూడా బల్లాస్ట్ ట్యాంకుల్లోకి నీటిని తీసుకొని దిగుతుంది. సంపీడిత గాలితో ఆ నీటిని వెళ్లగొట్టి లేస్తుంది. అయితే దిగేకొద్దీ ఒత్తిడికి నౌకాదేహం కొద్దిగా కుంచించుకుపోతుంది, ఉత్ప్లవన బలం తగ్గుతుంది. దిగడం మరింత దిగడానికే దారితీస్తుంది. నడిమి లోతున నిలకడ ఎప్పటికప్పుడు సాధించుకోవలసినదే.

ఈ అస్థిర సమతుల్యతను చిత్రం పాత్రల్లో చక్కగా పట్టుకుంది. కెప్టెన్ రణ్‌విజయ్ సింగ్‌ది దాడికి ఉరికే స్వభావం. అర్జున్ వర్మది ఆదేశాలకు కట్టుబడే స్వభావం. వారి ఘర్షణే నౌకను తూకంలో ఉంచుతుంది. అర్జున్‌ను కాపాడుతూ కెప్టెన్ మరణించాక ఆ తూకం చెదిరి, అర్జున్ ఆయన మార్గంలోకే ఒరుగుతాడు.

నౌక విషయంలో మాత్రం చిత్రం ఈ సూక్ష్మతను చివరిదాకా నిలుపుకోలేదు. మందుపాతర దెబ్బకు ముందుకు సాగలేని ఎస్-21 కిందికీ పైకీ మాత్రమే కదలగలుగుతుంది. ఇది గొప్ప నాటకీయ పరిమితి. ముందుకు గమనం లేనప్పుడు లోతును నియంత్రించే రెక్కలు పనిచేయవు, ట్యాంకులే ఆధారం. 100 మీటర్ల లోతున ట్యాంకును ఖాళీ చేయడానికి ఉపరితలం వద్దకంటే సుమారు 11 రెట్లు గాలి కావాలి. పైకి లేచిన ప్రతిసారీ నిల్వ తరుగుతుంది. ఆ తరుగుదల పతాక ఘట్టంలో ఉత్కంఠకు ఆధారం కాలేదు; ఆ స్థానాన్ని జాతీయగీతాలాపన ఆక్రమించింది.

ఆవేశం ఉండటం దోషం కాదు. మిగిలిన గాలి ఎంతో తెలిసి తీసుకున్న నిర్ణయంగా కనిపించి ఉంటే ఆ త్యాగానికి మరింత బరువు వచ్చేది. శాస్త్రనియమం కథకు అడ్డంకి కాదు; కథకు కావలసిన సంఘర్షణ అందులోనే ఉంది.