దేహాన్ని పోలిన మండపం

మానవ దేహాన్ని చూచి కట్టడం కట్టవచ్చునా? కట్టవచ్చును. స్వీడన్ దేశపు మాల్మో నగరంలో కలత్రావా అనే వాస్తుశిల్పి, మెలి తిరిగిన మొండెమును పోలిన 190 మీటర్ల భవనాన్ని నిర్మించాడు. అది 2005లో పూర్తి అయినది.

అటువంటి మండపాన్ని అజ్మాన్‌లో, ఒక విశ్వవిద్యాలయ ఆవరణలో కట్టదలిస్తే ఏమి చూడాలి? బడిలో పిల్లలు బొమ్మ గీస్తే, "ఇది ఏమి పని చేస్తుంది?" అని అడుగుతాము. ఇక్కడ కూడ అదే ప్రశ్న. పక్కటెముకల పని అందం కాదు, ఊపిరితిత్తులను కాపాడడం. అజ్మాన్‌లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎముకల వరుస మాత్రమే నిలిపితే అక్కడ నీడ ఉండదు, గాలి ఆడదు.

ఆ ఊరి పాత కోటను చూడండి. 1970 వరకు పాలకుల నివాసం, నేడు మ్యూజియం. మన గుడికి గాలిగోపురమని పేరు మాత్రమే ఉన్నది. ఆ కోట గోపురం నిజంగానే గాలిని పట్టి కింది గదికి దింపుతుంది. అదే శ్వాస.

మరొక మాట. అక్కడ ఏటా జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు, మధ్యాహ్నం 12:30 మొదలు 3 గంటల దాకా ఎండలో పని చేయించరాదని నియమం ఉన్నది. ఆ దేశపు కూలీలలో తెలుగువారు అనేకులు. చెరకు తోటలలో మన పెద్దల నడుములు ఎట్లు వంగినవో మనకు తెలియును. దేహాన్ని మెచ్చుకొనే మండపం, తనను కట్టే దేహానికి మొదట నీడ నివ్వాలి. లేనిచో అది వట్టి అస్థిపంజరమని మా అభిప్రాయం.