జరీ అంచు వణకకూడదు

మా చెల్లెలి పెళ్లి వీడియో చూడ్డానికి ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరిన సాయంత్రం నాకింకా గుర్తే. తీసింది హెచ్‌డీ కెమెరాతో. మిక్సింగ్ జరిగేటప్పుడు కంప్యూటర్ మీద చూస్తే పూలజడలో మల్లెమొగ్గలు లెక్కపెట్టేలా ఉంది బొమ్మ. తీరా ఇంటికొచ్చిన డీవీడీలో పెళ్లికూతురి పట్టుచీర జరీ అంచు మీద చీమలబారు పాకుతోంది. తలంబ్రాల దగ్గరికొచ్చేసరికి బొమ్మంతా గళ్లుగళ్లుగా పగిలింది. "కెమెరా మంచిది కాదేమోరా" అంది పెద్దమ్మ. డీవీడీని ఆవిడ ఇప్పటికీ పెళ్లి క్యాసెట్టనే అంటుంది. పాపం, కెమెరా చేసిన తప్పేమీ లేదు. తప్పు హెచ్‌డీ బొమ్మను డీవీడీ సైజుకు దించడంలో జరిగింది.

హెచ్‌డీ ఫ్రేములో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అంటే 20 లక్షల పైచిలుకు. మన దగ్గర వాడే పాల్ పద్ధతి డీవీడీలో 720, 576. గుణిస్తే 4 లక్షల 14 వేలు. ఐదు చుక్కలున్న చోట ఒక్కటే మిగులుతుంది. ఇది వినగానే చాలామంది "అయితే డీవీడీలో హెచ్‌డీ దండగే కదా" అంటారు. నేనొప్పుకోను. ఐదు లీటర్ల పాలు ఓపిగ్గా మరిగిస్తే కిలో కోవా వస్తుంది. ఆ కోవాలో పాల రుచంతా ఉంటుంది, మాడకపోతే. సరిగ్గా దించితే డీవీడీలోని ఒక్కో చుక్కా ఐదు చుక్కల సారం. అందుకే మొదటినుంచీ పాత కెమెరాతో తీసిన డీవీడీ కన్నా, హెచ్‌డీలో తీసి దించిన డీవీడీ మెరుగ్గా ఉండి తీరాలి. లేదంటే మంట ఎక్కడో ఎక్కువైనట్టే.

ఎక్కువగా మాడేది ఇంటర్‌లేసింగ్ దగ్గర. పెళ్లిళ్లకు వాడిన హెచ్‌డీ కెమెరాల్లో చాలావాటిది 50ఐ పద్ధతి. సెకనుకు 50 సగం బొమ్మలు తీస్తాయి. ఓ సగంలో బేసి గీతలు, మరో సగంలో సరి గీతలు. ఈ రెండు సగాలూ ఒకే క్షణానివి కావు, మధ్య సెకనులో యాభయ్యో వంతు తేడా ఉంటుంది. ఆ సంగతి పట్టించుకోకుండా రెంటినీ కలిపి ఒకే ఫ్రేముగా కుదిస్తే, కదులుతున్న ప్రతి చేతికీ దువ్వెన పళ్లు మొలుస్తాయి. పళ్లు కనబడకూడదని ఒక సగాన్ని పారేసేవాళ్లూ ఉన్నారు. అప్పుడు కదలికలో నునుపు పోతుంది. పద్ధతి తెలిసినవాళ్లు ముందు ఆ 50 సగాలనూ 50 నిండు బొమ్మలుగా విడదీస్తారు. ఒక్కోదాన్నీ విడిగా కుదిస్తారు. ఆ తర్వాత మళ్లీ బేసి, సరి గీతలుగా అల్లుతారు. ఆవిసింత్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే ఇది చెయ్యొచ్చు. కాకపోతే రాత్రంతా కంప్యూటర్ రెండరింగ్‌లో ఉండాలి. ముహూర్తాల సీజన్‌లో ఇరవై పెళ్లిళ్లు వరసలో ఉన్నప్పుడు అంత ఓపిక ఎవరికుంటుంది చెప్పండి?

ఇందులోనే ఇంకో చిక్కుంది. పాత డీవీ క్యాసెట్ కెమెరాల్లో కింది గీతల సగం ముందొస్తుంది, హెచ్‌డీలో పై గీతలది ముందు. పాత అలవాటు కొద్దీ డీవీ ప్రాజెక్టు తెరిచి అందులో హెచ్‌డీ ఫైలు పడేస్తే ఈ వరస తారుమారు కావచ్చు. అయిందంటే పెళ్లికొడుకు మండపంలోకి నడుస్తూ రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి వేస్తున్నట్టు అదురుతాడు. కంప్యూటర్ మానిటర్ మీద ఇది చాలాసార్లు పట్టుబడదు. అందుకే బుద్ధిమంతుడైన మిక్సింగ్ అతను తన బల్ల మీద ఓ పాత పెట్టె టీవీ అట్టిపెట్టుకుంటాడు.

జరీ అంచు సంగతికొద్దాం. జరీ గీత తెర మీది ఒక్క గీతంత సన్నమైతే అది బేసి సగంలోనో, సరి సగంలోనో ఒకదాంట్లోనే పడుతుంది. అంటే సెకనుకు 25 సార్లు కనబడి, 25 సార్లు మాయమవుతుంది. కంటికి అదే వణుకు. చేయాల్సిందల్లా కుదించేటప్పుడు నిలువు దిశలో బొమ్మను ఒక్క పిసరు మెత్తబరచడం. అప్పుడు సన్నగీత పక్క గీత మీదికి కొంచెం పరుచుకుని రెండు సగాల్లోనూ నిలబడుతుంది. తమాషా ఏమిటంటే, ఇలా మెత్తబరచిన బొమ్మ కంప్యూటర్ మీద మసగ్గా కనబడుతుంది, టీవీలో మాత్రం తేటగా, నిలకడగా ఉంటుంది. ఇది తెలియక, మసక చూసి కంగారుపడి షార్ప్‌నెస్ పెంచేవాళ్లే ఎక్కువ. దాంతో వణుకు రెట్టింపై, ముఖాల చుట్టూ తెల్లటి గీతలు కూడా తేలతాయి. నామట్టుకు నాకు పెళ్లి డీవీడీలను చెడగొట్టినవాటిలో మొదటి ముద్దాయి ఈ షార్ప్‌నెస్సే.

రంగులదీ చిన్న లెక్కే గానీ పెళ్లిలో అదే పెద్దది. హెచ్‌డీలో రంగుల్ని రాసే సూత్రం 709, డీవీడీది 601. ఒక సూత్రంతో రాసినదాన్ని మార్చకుండా ఇంకో సూత్రంతో చదివితే కుంకుమ ఎరుపు మసకేస్తుంది, పసుపు కాస్త నిమ్మకాయ రంగులోకి జరుగుతుంది. పసుపూ కుంకుమా తేడా కొట్టాక ఇక పెళ్లి వీడియోలో మిగిలేదేముంది?

ఇక తలంబ్రాలు. డీవీడీలో వాడే ఎంపెగ్-2 పద్ధతి పొదుపు తెలిసిన గృహిణిలాంటిది. పన్నెండు, పదిహేను ఫ్రేములకోసారి నిండు బొమ్మ దాచి, మధ్యలోవాటికి ఏం మారిందో అంతే రాసుకుంటుంది. పురోహితులు మంత్రాలు చదువుతూ కూర్చున్నంతసేపూ పెద్దగా ఖర్చుండదు. తలంబ్రాలు మొదలైతే మాత్రం వందల గింజలు, వాటిలో కలిపిన రంగురంగుల థర్మోకోల్ ఉండలు, ఒక్కోటీ ఒక్కో దారిన ఎగురుతాయి. వెనక స్టిల్ కెమెరాల ఫ్లాష్‌లు. ప్రతి ఫ్రేములో అంతా మారినట్టే. ఆ క్షణానికి చాలినన్ని బిట్లు లేకపోతే బొమ్మ గళ్లుగా పగులుతుంది.

4.7 జీబీ డిస్కులో గంట వీడియో పెడితే ఇబ్బందే లేదు. రెండు గంటలు పెడితే ధ్వనితో కలిపి సెకనుకు సుమారు 5.2 మెగాబిట్లు దొరుకుతాయి. మూడు గంటలు కుక్కితే 3.5 కూడా నిండదు. వీడియోకు ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠం 9.8. కానీ ఇంట్లో రైట్ చేసిన డిస్కులు ఆ అంచున పాత ప్లేయర్లలో ఆగి ఆగి నడుస్తాయి, కాబట్టి 8 దగ్గర ఆగడం మంచిది. ఉన్న బిట్లను రెండు పాస్‌ల ఎన్‌కోడింగ్‌తో పంచాలి. మొదటిసారి మొత్తం చూసుకుని ఖర్చెక్కడో లెక్కేస్తుంది, రెండోసారి మంత్రాల దగ్గర మిగిల్చి తలంబ్రాలకు పెడుతుంది. ధ్వనిని యథాతథంగా పీసీఎం పద్ధతిలో ఉంచితే అదొక్కటే 1.5 మెగాబిట్లు మింగుతుంది. డాల్బీలో 0.2 చాలు. సన్నాయి రుచేమీ పోదు.

"అంతా ఒకే డిస్కులో పెట్టండి" అని పట్టుబట్టేది మనమే. పెళ్లి ఒకటి, రిసెప్షన్ ఒకటి, రెండు డిస్కులు చేయించుకుంటే పోయేదేముంది? బొమ్మ వెడల్పు తెరదని ప్లేయర్‌కు చెప్పే గుర్తు కూడా పెట్టారో లేదో చూసుకోవాలి. అది మరిస్తే బంధువులంతా సన్నగా, పొడుగ్గా సాగుతారు. మా బాబాయి దానికి సంతోషించాడనుకోండి, అది వేరే సంగతి. అమెరికాలో ఉన్నవాళ్లకు పంపేదైతే అక్కడి ప్లేయర్లు చాలావరకు ఎన్‌టీఎస్‌సీవే, పాల్ డిస్కు ఆడకపోవచ్చు. వాళ్లకు విడిగా చేయించాలి.

డీవీడీ చేతికొచ్చాక మిగతా డబ్బు ఇచ్చేముందు, ఇంట్లో అన్నిటికన్నా పాత టీవీలో వేసి జీలకర్ర బెల్లం దగ్గర చీర అంచూ, తలంబ్రాల దగ్గర గింజలూ చూడండి. బాగుంటే ఆ మిక్సింగ్ కుర్రాణ్ని నోరారా మెచ్చుకోండి. కుదించని హెచ్‌డీ ఫైలు కూడా ఓ హార్డ్‌డిస్కులో అడిగి తెచ్చుకోండి.