గోదావరిని చూపిన గురువు: ఓస్వాల్డ్ కూల్డ్రే

చిత్రకారుని విమర్శించుటకు ఆతని చిత్రములు చాలును. కవిని విమర్శించుటకు ఆతని కావ్యములు చాలును. ఉపాధ్యాయుని విమర్శించుటకు ఏమి చాలును? ఆయన చెప్పిన పాఠములు గాలిలో కలిసిపోవును. దిద్దిన కాగితములు చెత్తబుట్ట చేరును. శిష్యులు పెద్దవారైనచో ఆ ఖ్యాతి వారిదగును. కాకున్నచో నింద ఆయనదగును. బొమ్మలు వేయుచు పాఠములు చెప్పినవారి విషయము మరింత చిక్కైనది. వారి బొమ్మలు చూచి తీర్పు చెప్పవలెనా, శిష్యుల బొమ్మలు చూచి చెప్పవలెనా?

ఈ ప్రశ్నను పరిశీలించుటకు తెలుగుదేశమున దొరకు మేలైన ఉదాహరణము ఓస్వాల్డ్ కూల్డ్రే. 1909 మొదలు 1919 వరకు రాజమహేంద్రవరపు ప్రభుత్వ ఆర్ట్సు కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన ఆంగ్లేయుడాయన. దామెర్ల రామారావును లోకమునకు చూపినవాడనియు, అడివి బాపిరాజుకును కవికొండల వెంకటరావుకును గురువనియు మన పుస్తకములలో రెండు వాక్యములుండును. ఆ రెండు వాక్యములతో ఋణము తీరినదని తలచుచున్నాము. తీరలేదనియు, అట్లని ఆయన ఒక్కనికే మొక్కినను చాలదనియు మనవి చేయుటకే ఈ వ్యాసము.

కూల్డ్రే 1882లో జన్మించెను. థేమ్సు నది యొడ్డుననున్న ఆబింగ్డను పట్టణమువాడు. ఆక్సుఫర్డులో చదివి, విద్యాశాఖ యుద్యోగిగా మన దేశమునకు వచ్చెను. ఆయన రాజమహేంద్రవరమున అడుగుపెట్టిన కాలము సామాన్యమైనది కాదు. అంతకు రెండేండ్లకు పూర్వమే, 1907 ఏప్రిలులో, బిపిన్ చంద్రపాల్ ఆ పట్టణమునకు వచ్చి ఉపన్యసించెను. విద్యార్థులు వందేమాతర చిహ్నములు ధరించి తరగతులకు పోయిరి. అధికారులు కోపించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు కళాశాలనుండి బహిష్కృతుడయ్యెను. ఆంగ్లేయ ప్రిన్సిపాలనగా పిల్లలు పండ్లు కొరుకు దినములవి. అట్టి చోటికి మరియొక ఆంగ్లేయుడు ప్రిన్సిపాలై వచ్చినపుడు ఆయనను ప్రేమింపవలెనని ఎవరును అనుకొని యుండరు. అయినను పదియేండ్లలో ఆయన తెలుగు పిల్లల మనసులలో చోటు సంపాదించుకొనెను. ఎట్లు?

ఆయన అధికారి యయ్యును చూచుట నేర్చినవాడు. మనవారికి గోదావరి పుణ్యనది. స్నానమునకు, పిండప్రదానమునకు, పుష్కరములకు పనికివచ్చునది. కాటను ఆనకట్ట తరువాత పంటకాలువలకు తల్లి. అది బొమ్మకు తగిన వస్తువను సంగతి మన పిల్లలకు చెప్పినవారు లేరు. రేవున దిగు స్త్రీలు, లంకలపై వ్రాలు సాయంకాలపు వెలుగు, పాపికొండల నడుమ ఇరుకై లోతై పారు నీరు, తెరచాప యెత్తిన పడవ, ఇవన్నియు ప్రతిదినము కనులయెదుట నుండుటచేతనే కనబడకుండెను. దూరమునుండి వచ్చినవాడు గనుక ఆయనకవి కనబడెను. తనకు కనబడినదానిని తనలోనే దాచుకొనక పిల్లలకు చూపెను. ఆయన గురుత్వమంతయు ఈ ఒక్క పనిలో నున్నదని నా యభిప్రాయము.

ఇక ఆయన సొంత కృషి మాట. కూల్డ్రే చిత్రకారుడు, కవి, వచన రచయిత. స్వదేశమునకు మరలిన తరువాత 1920లో 'థేమ్స్ అండ్ గోదావరీ' యను కవితాసంపుటిని, 1924లో 'సౌత్ ఇండియన్ అవర్స్' అను గ్రంథమును ప్రకటించెను. మొదటి పుస్తకపు పేరే ఆయన హృదయమును తెలుపును. పుట్టిన యూరి నదిని, ఉద్యోగము చేసిన యూరి నదిని ఒక్క పంక్తిలో పక్కపక్కన కూర్చుండబెట్టెను. నాటి పాలకులలో ఇట్లు కూర్చుండబెట్టగలవారు అరుదు.

అయినను విమర్శకుడు మొగమోటపడరాదు. ఆయన వ్రాసినది ఆంగ్లమున, ఆంగ్ల పాఠకునికొరకు. అందు మన దేశము ఒక చూడముచ్చటయైన దృశ్యముగా నిలుచును. ఆ దృశ్యములో నివసించువారి కష్టసుఖములు దూరమున నుండును. అది చూచువాని గ్రంథమేగాని కాపురముండువాని గ్రంథము కాదు. చిత్రకారుడుగా సయితము ఆయనను ఇంగ్లండువారు తమ ప్రథమశ్రేణిలో లెక్కింపలేదు. సొంత కృతులనే తక్కెడలో పెట్టినచో ఆయన అభిరుచిగల సజ్జనుడు, మంచి వాక్యము వ్రాయగలవాడు. అంతకుమించి చెప్పుట పొగడ్తయగును.

కావున తక్కెడలోని రెండవ పళ్లెమును చూడవలెను. అందున్నవాడు దామెర్ల రామారావు. 1897 మార్చి 8న రాజమహేంద్రవరమున జన్మించిన ఈ బాలుని చేతిలోని రేఖను కూల్డ్రే గుర్తించెను. అజంతా గుహలను చూపుటకు వెంటబెట్టుకొని పోయెనని చరిత్రకారులు చెప్పుదురు. బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు పంపుమని ఇంటివారిని ప్రోత్సహించెను. 1916లో రామారావు అచ్చట చేరెను.

ఇచ్చట ఆలోచింపదగిన విషయమొకటి కలదు. కూల్డ్రే తానే చిత్రకారుడు గదా; పిల్లవానిని తన యొద్దనే కూర్చుండబెట్టుకొని తన పద్ధతిని నేర్పి, తన ప్రతిబింబముగా తీర్చి యుండవచ్చును. పలువురు గురువులు చేయునది అదియే. ఈయన అట్లు చేయక, తనకంటె పెద్ద గురువుల యొద్దకు పంపెను. ఒకటి పాతగురువు, అజంతా గోడ. రెండవది కొత్తగురువు, శరీర నిర్మాణమును శాస్త్రీయముగా నేర్పు బొంబాయి విద్యాలయము. తన చేయి చాలదని యెరిగి శిష్యుని చేయి వదలుట గురువునకు మిక్కిలి కష్టమైన పాఠము.

దాని ఫలము రామారావు చిత్రములలో స్పష్టముగా కనబడును. నా ఉద్యోగ విరమణానంతరము రాజమహేంద్రవరము పోయి, అచ్చట ఆయన పేర నెలకొన్న చిత్రశాలను తనివితీర చూచితిని. 'పుష్పాలంకరణము', 'నందిపూజ', 'సిద్ధార్థ రాగోదయము' మొదలగు చిత్రములలో ఆకృతులను కట్టివేయునది రేఖయే. ఆ రేఖకు అజంతా తల్లివంటిది. కాని ఆ రేఖలోపలి శరీరములు కలలోని శరీరములు కావు. బరువు గలవి, ఎముక గలవి, గోదావరి మండలమున మనము చూచు మనుష్యులవి. నాడు దేశమంతట వంగదేశ చిత్రకారుల పద్ధతి వ్యాపించి యుండెను. మంచు కప్పినట్లు రంగులను కడిగి కడిగి పలుచన చేయుట వారి మార్గము. రామారావు వారిని గౌరవించెనేగాని ఆ దారిని పట్టలేదు. ఆంధ్రులకు తమదైన రీతి యుండవలెనని తలచెను. 1922లో కలకత్తా ప్రదర్శనమున ఆయన 'ఋష్యశృంగ బంధనము' బహుమతి నందినపుడు, ఆ గుర్తింపు వంగదేశపు నడిబొడ్డుననే లభించినదని మరువరాదు.

ఈ చిత్రములలో కూల్డ్రే ఎచ్చట? వెదకి చూచితిని. ఎచ్చటను లేడు. ఆంగ్లేయుల నీటిరంగుల ప్రకృతిచిత్ర పద్ధతికిని, ఈ పూజలకు, అలంకరణములకును పోలికయే లేదు. ఇదియే ఆయన గొప్పతనమునకు తిరుగులేని సాక్ష్యము. శిష్యుని కృతిలో గురువు కనబడినచో అది గురువునకు శోభ. కనబడకున్నచో అది శిష్యునకు స్వాతంత్ర్యము. కూల్డ్రే రెండవదానిని కోరెను. 'తూర్పు కనుమలలో గోదావరి' యను చిత్రమునెదుట మాత్రము నిలిచినపుడు, ఆ నదివైపు మొదట వ్రేలు చూపినదెవరో జ్ఞప్తికి వచ్చును.

ఒక పోలిక చెప్పి ముందునకు సాగుదును. ఆ కాలముననే బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీ గొప్ప చిత్రకళోపాధ్యాయుడుగా నుండెను. ఆయన వంగ సంప్రదాయమును తనతో తెచ్చి, దానిని శిష్యులకు శ్రద్ధగా అందించెను. ఒకరు సంప్రదాయమునిచ్చిరి, మరొకరు చూపునిచ్చిరి. రెండును కావలసినవే. ఈ రెండు చోట్ల శిష్యరికము చేసినవాడు అడివి బాపిరాజు. ఆయన చిత్రములలో చటర్జీగారి మృదుత్వము కలదు. 'నారాయణరావు' నవలలో వర్ణనలు చదువునపుడు, పొలమును, ఏటిని బొమ్మగా చూచు కన్ను కలదు. ఆ కన్నునకు తొలి శిక్షణ రాజమహేంద్రవరముననే లభించినదని నేను నమ్ముదును.

1924లో గురుశిష్యుల చరిత్రలో ఒక సంఘటన జరిగెను. ఆ యేడే గురువు వ్రాసిన దక్షిణదేశ గ్రంథము వెలువడెను. ఆ యేడే లండను వెంబ్లీ ప్రదర్శనమున శిష్యుని చిత్రములు నిలిచెను. మరుసటి యేడు 1925 ఫిబ్రవరి 6న మశూచికమువలన రామారావు మరణించెను. ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. కూల్డ్రే 1958 వరకు జీవించెను. శిష్యుడు పోయిన తరువాత గురువు ముప్పదిమూడేండ్లు బ్రదుకుట ఎట్టిదో ఉపాధ్యాయవృత్తిలోనున్నవారే ఊహింపగలరు.

ఇంతవరకు చెప్పినది స్తోత్రముగా ముగించిన సులభముగా నుండును. కాని చెప్పవలసిన మాట మిగిలియున్నది. కూల్డ్రేను మనము జ్ఞప్తియందుంచుకొనుటకు ఆయన గుణము కారణమా, ఆయన పదవియు తెల్లదనమును కారణమా? దొర మెచ్చెను గనుక మన పిల్లవాడు గొప్పవాడను భావము మనలో లేదా? నిజము చెప్పవలెనన్న, ఉన్నది. రామారావు బొంబాయినుండి వచ్చి, 1920 దశకపు తొలియేండ్లలో తన యూరిలో చిత్రకళాశాలను నెలకొల్పి, తానే ఉపాధ్యాయుడయ్యెను. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కుంచె పట్టిరి. ఆయన పోయిన తరువాత మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ పాఠశాలను దశాబ్దములపాటు మోసెను. తానును చిత్రకారుడే యయ్యు మిత్రుని పేరును నిలుపుటకు పాటుపడెను. కూల్డ్రే పదియేండ్లలో వెలిగించిన దీపమునకు అన్నియేండ్లు నూనె పోసినవాడు ఈయన. మన వ్యాసములలో కూల్డ్రేకు రెండు వాక్యములు లభించినచో, వెంకటరత్నమునకు సగము వాక్యము లభించుచున్నది. ఇది న్యాయము కాదు. కూల్డ్రేయే యుండినచో ఆయనయు ఒప్పుకొనడు. తనకంటె శిష్యుని ముందుంచినవాడు గదా.

ఈ విషయము ప్రవాసాంధ్రుల సంచికలో ఏల యని అడుగవచ్చును. రెండు కారణములు కలవు. కూల్డ్రే పరభాషల నడుమ పదియేండ్లు బ్రదికినవాడు. మనము తరతరములుగా అట్లే బ్రదుకుచున్నాము. రామారావు సయితము బొంబాయిలో మరాఠీ, గుజరాతీల నడుమ విద్య నేర్చెను. ఆ నగరమున తెలుగు కామాఠీల పేరనే ఒక పేట వెలసియుండెను. పరాయిచోటనుండుట కొన్నిసార్లు కన్ను తెరపించును. ఒడియా దేవళపు శిల్పము, తమిళుల కోలము, కన్నడ దేశపు హొయ్సల రాతిపని మన పిల్లల కనులయెదుటనే యున్నవి. వానిని చూడుమని చెప్పుటయు, చూచినదానిని తెలుగులో చెప్పుమనుటయు మన పని.

రెండవ కారణము నా సొంతము. 1936లో గంజాము ఒరిస్సాలో చేరిన తరువాత బరంపురపు తెలుగు కుటుంబములలో పెరిగిన తరములలో నాది యొకటి. నా చిన్ననాట మాకొక తెలుగు డ్రాయింగు మాస్టరుండెడివారు. నల్లబల్లపై రంగు సుద్దలతో చిలుకను వ్రాసి, దానిక్రింద 'చిలుక' యని గుండ్రని తెలుగక్షరములలో వ్రాసెడివారు. నాటకములకు తెరలు రంగులు వేసెడివారు. ఆ తెరలు చినిగిపోయినవి. తెలుగక్షరము గుండ్రముగా, కన్నులకింపుగా నుండవలెనను పట్టుదల నాకు ఆయనవలననే కలిగినది. గుమాస్తాగా ముప్పదియైదేండ్లు దస్త్రములు వ్రాసినపుడు ఆ పట్టుదల విడువలేదు. సర్వీసు రిజిస్టరులను నేను వేలకొలది తిరుగవేసితిని. అందు చేరిన తేదీ, జీతపు పెంపులు, విరమించిన తేదీ యుండును. పిల్లవానికి చూపునిచ్చెనను పద్దు వ్రాయుటకు గడి లేదు. కూల్డ్రే రిజిస్టరులోను 1909, 1919 అను రెండు తేదీలే యుండియుండును.

ఆ గడిని మనమే గీయవలెను. మన సంఘములు యేటేట కవులను, నాయకులను తలచుకొనుచున్నవి, మంచిదే. ప్రతి యూరి సంఘమును తమ పిల్లలకు తెలుగక్షరమును, బొమ్మను, పాటను నేర్పిన ఒక్క ఉపాధ్యాయుని గూర్చి ఒక్క పుట వ్రాయించి, వారు వ్రాసినవి, గీసినవి యేమైన మిగిలియున్నచో భద్రపరచినచో చాలును. కూల్డ్రేకు శిష్యుడుగా రామారావు దొరకెను గనుక ఆయన పేరు నిలిచినది. రామారావులు దొరకని గురువులకు మనమే శిష్యులము. మా డ్రాయింగు మాస్టరు వ్రాసిన కాగితపు చిలుక యొకటి నా యొద్ద నేటికిని కలదు. రాబోవు సమావేశమునకు దానిని తీసుకొనివత్తును. చూచినవారు తమ యింట నున్నదానిని తీసుకొనిరావలెనని ప్రార్థన.