గ్రహకూటమియు ఫలనిర్ణయమును

ఆళ్లగడ్డలో శిల్పులు నల్లరాతిని మలచి నవగ్రహములను సిద్ధపఱచుట చూచినవారు మా పాఠకులలో ననేకులుందురు. ఆలయమున ప్రతిష్ఠించునపుడు నడుమ సూర్యునుంచి, తక్కిన యెనమండ్రను చుట్టును నిలుపుదురు. ఒకరి మొగ మొకరు చూడకుండునట్లు త్రిప్పి నిలుపుట వాడుక. రాతిలో నింత యెడముగ నున్న వీరిలో నలుగురైదుగురు పంచాంగపు పుటలో నొక్క గదిలో చేరినంతనే నంద్యాల మొదలు ఆళ్లగడ్డ వఱకు నెన్ని యిండ్లలోనో కలవరము పుట్టుచున్నది. ఈ కలవరమునకు మూలమైన ఫలనిర్ణయపద్ధతిని, ఒక గ్రంథమును విమర్శించునట్లే, దాని నియమములను బట్టియే విమర్శింపవలెనని మా తలంపు.

మొదట కంటికి కనబడిన దానిని చెప్పుదము. 2020 డిసెంబరు 21వ తేది సాయంకాలము పడమటి దిక్కున గురుశనులు సుమారు ఆఱు కళల యెడముతో, అనగా చంద్రబింబపు వెడల్పులో నైదవవంతు దూరమున, జంటదీపములవలె వెలిగిరి. ఆనాడు గురుడు భూమికి సుమారు 88 కోట్ల కిలోమీటర్ల దూరమున నుండెను. శని 162 కోట్ల కిలోమీటర్ల దూరమున నుండెను. వారి నడుమ నెడము 70 కోట్ల కిలోమీటర్లకు మించినది. కలిసినది మన చూపు గాని వారు కారు. గురుడు దాదాపు 12 ఏండ్లకును, శని 29 ఏండ్ల చిల్లరకును నొక్కొక్క చుట్టు తిరుగుటచే, గడియారపు రెండు ముండ్లు కలిసినట్లు, సుమార 20 ఏండ్లకొకమాఱు వీరు కలియుచుందురు.

ఇక ఫలము. ఆ కూటమి మకరమున నాఱవ భాగ చెంత జరిగెను. గురునకు మకరము నీచ. అందును నైదవ భాగ పరమనీచ. కావున ధర్మమునకు హాని యని యొక దైవజ్ఞుడు పలుకవచ్చును. రాశ్యధిపతియైన శని స్వక్షేత్రమున తోడనే యున్నాడు గనుక నీచభంగమై రాజయోగమే పట్టునని మఱొకడు పలుకవచ్చును. ఇరువురును శాస్త్రమును తప్పినవారు కారు. పడమటి దేశముల జ్యోతిష్కులన్ననో ఆ కూటమి మకరముననే జరుగలేదు, కుంభము మొదటి భాగలో జరిగినదందురు. అయనాంశ 24 భాగలు మనకును వారికిని నడుమ నున్నది. ఒకే యాకాశము, ఒకే సాయంకాలము, మూడు ఫలములు! ఒక పద్యమునకు మువ్వురు వ్యాఖ్యాతలు మూడర్థములు చెప్పినచో మనము మూలమును తెఱచి చూతుము. ఇచ్చట మూలమేమనుచున్నదో చూచువారు తక్కువ.

మూలము మిక్కిలి నిజాయితీ గలది. సూర్యసిద్ధాంతమున గ్రహయుత్యధికారమని యొక భాగము గలదు. గ్రహముల కలయికను లెక్కించు విధము, వాని యుద్ధసమాగమములు చెప్పి, తుదకు, జనుల శుభాశుభముల కొఱకు చూపబడిన కల్పన యిదియని, గ్రహములు తమతమ మార్గములలో నొండొంటికి దూరముగనే పోవుచున్నవని ఆ గ్రంథకర్త చెప్పియే ముగించెను. లెక్క యెఱిగినవాడు లెక్కకును కల్పనకును నడుమ గీత గీచినాడు. ఆ గీతను చెఱిపినవారు తరువాతి వారు.

వరాహమిహిరుని బృహజ్జాతకమున నాలుగు గాని, అంతకు మించి గాని బలముగల గ్రహములు ఒక్కరాశి నున్నచో జాతకుడు సన్న్యాసి యగునని చెప్పబడినది. 1962 ఫిబ్రవరి 3 మొదలు 5 వఱకు రవి, చంద్ర, కుజ, బుధ, గురు, శుక్ర, శనులేడుగురును కేతువును మకరమున కూడిరి. ఆ రెండు దినములలో పుట్టిన శిశువుల సంఖ్య లక్షలకు చేరును. వారందఱును కాషాయము కట్టిరా? బలాబలములను గూర్చి మినహాయింపులు చెప్పుదురని మే మెఱుగుదుము. కాని మినహాయింపులే సూత్రమును మ్రింగివైచినచో సూత్రముతో పనియేమి?

ఆ యష్టగ్రహకూటమికి ప్రళయము తప్పదని దేశమంతట యజ్ఞములు చేసిరి. నేయి పోసిరి, దక్షిణలిచ్చిరి. 6వ తేది యెప్పటివలెనే తెల్లవాఱెను. అంతటితో పద్ధతి తేలిపోవలసినది. కాని ఆ సంవత్సరమే అక్టోబరు 20న చైనాతో యుద్ధము వచ్చెను గదా, ఫలము నడచినదని చెప్పువారు బయలుదేరిరి. యజ్ఞములచే ప్రళయము తప్పినదనుట యొకటి, యజ్ఞములు చేసినను యుద్ధము వచ్చినదనుట మఱొకటి. రెండును నొక్క నోటనే వచ్చినచో నేమనగలము?

ఇంతవఱకు నవ్వి యూరకుండవచ్చును. నవ్వరాని దొకటి కలదు. గురురాహువుల కలయికను గురుచండాలయోగ మందురు. 2023 ఏప్రిల్ 22 మొదలు అక్టోబరు 30 వఱకు వీరిద్దఱును మేషమున నుండిరి. రాహువనగా శరీరము గల గ్రహము కాదు. చంద్రుని మార్గము రవిమార్గమును ఖండించు బిందువు. మన గ్రంథములును ఛాయాగ్రహమనియే యన్నవి. ఆ బిందువు గురునితో సుమార 7 ఏండ్లకొకతూరి కలియును. గణితమున నింతే. ఆ బిందువునకు చండాలుడను పేరు పెట్టి, వాని పొత్తుచే గురుడు చెడెనని చెప్పుట గణితము కాదు. మన వీథులలోని యంటరానితనమును ఆకాశమున వ్రాసికొనుట. 1950లో మన రాజ్యాంగపు 17వ యధికరణము అస్పృశ్యతను రద్దు చేసెను. నేలపై రద్దయినది జాతకచక్రమున నేటికిని నిలిచియున్నది. విద్యావంతుల యిండ్లలో సైతము తల్లి తన బిడ్డ జాతకమును చదివించుకొనుచు నీ మాటను సంకోచము లేక పలుకుచున్నది. ఆ పేరు తరతరములుగా తిట్టుగా భరించినవారి పిల్ల అదే తరగతిలో ప్రక్కబల్లపై కూర్చుండునని యామెకు తోచుట లేదు.

నంద్యాలలో నొక తండ్రి కుమార్తె చక్రమును పెండ్లివారికి పంపెననుకొందము. ఆ పిల్ల చదివినది, ఉద్యోగము చేయుచున్నది. లగ్నమున గురురాహువులున్నారని యొక్క మాట వచ్చినది, సంబంధము తప్పినది. తండ్రి శాంతికి సొమ్ము వెచ్చించును. పిల్ల మాత్రము తానేదో దోషము చేసినదానివలె తలవంచుకొనును. ఆమె పుట్టుకకు కొంత ముందును తరువాతను కొన్ని నెలలు పుట్టిన వారికందఱకును దాదాపు నదే కలయిక యున్నదని యెవరును చెప్పరు.

మౌఢ్యమి సంగతి కొంత వేఱు. గురుడు రవికి 11 భాగల లోపల చేరినపుడు వెలుగులో మునిగి కనబడడు. ఇది కంటితో చూచి తెలిసికొన్న సత్యము. ప్రాచీనుల పరిశీలనకు మెచ్చవలసినదే. కనబడని గ్రహము పెండ్లిని చెఱచుననుట మాత్రమా పరిశీలనలో లేదు. ఆ దినములలో పురోహితులకును, వంటవారికిని, పూలవారికిని పని లేక పోవుట యొక్కటియే మాకు కనబడు ఫలము.

ఈ సీమలో ఫలము తెలిసికొనగోరువారికి ఇతర మార్గములు లేకపోలేదు. 1866 కరవులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు ఆకలిగొన్నవారికి గంజియు నన్నమును పెట్టించిరి. కర్నూలు కడప కాలువ తుంగభద్ర నీటిని నంద్యాల పొలములకు తెచ్చినది. 1906లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధనక్షేత్రము వెలసినది; వానను కొలిచి, విత్తును పరీక్షించి చెప్పుట యచ్చటి పని. అచ్చటి మాట తప్పినచో తప్పినదని తెలియును, ఏలయన కొలత యున్నది.

దైవజ్ఞుల నడుగవలసినదియు నదే. 2040 సెప్టెంబరు 8వ తేది ప్రాంతమున బుధ, శుక్ర, కుజ, గురు, శనులైదుగురును నెలవంకతో గూడ సాయంకాలపు పడమటి యాకాశమున నించుమించు పది భాగలలోపల కనబడుదురు. మబ్బు లేకున్నచో ఆళ్లగడ్డ మిద్దెలపైనుండి దానిని చూడవచ్చును. ఫలము చెప్పదలచినవారు ఏమి జరుగునో, ఎచ్చట జరుగునో, ఏ నెల లోపల జరుగునో యిప్పుడే కాగితముపై వ్రాసి, తేదివేసి, చేవ్రాలుచేసి యియ్యవలెను. తరువాత చెప్పెడి ఫలమును మేము లెక్కగొనము.